ఇంటికి తెలియని మందు

మా మర్రిగూడలో ఎవరికి మోకాళ్ళు నొచ్చినను, నడుము పట్టినను, నాలుగడుగులు వేయుటకు ఓపిక చాలకున్నను నేరమంతయు నీటిమీద మోపుట వాడుక. అట్లు మోపుటకు కారణము లేకపోలేదు. ఈ మెట్టప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరి యుండుటచేత తరములవారి పండ్లు గారపట్టినవి, ఎముకలు బిగిసినవి. మా మండలములోని శివన్నగూడెము వాస్తవ్యుడైన అంశాల స్వామి వంకరపోయిన దేహముతోనే బ్రతికి, తనవంటివారి పక్షమున నోరు విప్పి, 2023లో మరణించెను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదను లెక్కను మేము బడిలో పిల్లలచేత వల్లె వేయించినాము. కృష్ణానీరు కుళాయిలకు వచ్చిన పిదపను నీటిని నిందించు అలవాటు పోలేదు. కనుక 2021లో మా దేహము బరువెక్కి, మధ్యాహ్నపు తరగతిలో నిలుచుండి పాఠము చెప్పుట కష్టమైనప్పుడు మేమును నీటినే అనుమానించితిమి. తోడి యుపాధ్యాయులును ఆ మాటయే యనిరి.

అయితే నీటికి అంటగట్టరాని గుర్తులు కొన్ని యుండెను. రెండు దినముల కొకసారి గీసికొనవలసిన గడ్డము వారము గడచినను పెరుగకుండెను. చిన్నమాటకు కన్నీరు, పెద్దమాటకు కోపము వచ్చుచుండెను. దాంపత్యమునందు ఆసక్తి నశించెను. ఈ కడపటి మాటను వ్రాయుటకు మా కలము ఇప్పటికిని కొంత తడబడుచున్నది. కాని ఈ వ్యాసము ఆ తడబాటును గూర్చినదే గనుక దాచి ప్రయోజనము లేదు.

మేము సంస్కృతము చదివితిమి; ఇంగ్లీషు చదివితిమి. దేహధర్మములను గూర్చిన పాఠము వచ్చినప్పుడు కొందరు ఉపాధ్యాయులవలె పుటలు త్రిప్పివేయక, సంకోచము లేకుండ చెప్పుచుందుము. అట్టి మేము మా దేహమును గూర్చి మా భార్యతో నొక్కమాట చెప్పలేకపోతిమి. ఒంటరిగా బస్సెక్కి ఒక పట్టణమునకు పోయి, అచ్చట ఒక వైద్యుని చూచితిమి. ఆయన భోజనానంతరము ఒకసారి నెత్తురు తీయించి, "హార్మోను తక్కువగా నున్నది, సూది వేయించుకొనండి, ఇరువది యేండ్ల వయసు తిరిగివచ్చును" అని చీటి వ్రాసి యిచ్చెను. సంతానము కావలెనా యని ఆయన అడుగలేదు. కావలెనని మేము చెప్పలేదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపుచెట్టే మహావృక్షమన్నట్లు, ఆ చీటినే శాస్త్రమని నమ్మితిమి. నాటినుండి మూడు వారముల కొకసారి ఒక మందుల దుకాణములో తెరచాటున సూది వేయించుకొని వచ్చుచుంటిమి.

గుణము కనబడలేదని చెప్పజాలము. సూది వేయించుకొన్న మొదటి వారములో నడక వేగమయ్యెడిది, నిద్ర తగ్గెడిది, గొంతు పెరిగెడిది. రెండవ వారములో మనుష్యులమయ్యెడివారము. మూడవ వారములో మరల క్రుంగెడివారము. వానకు నిండి, ఎండకు అడుగంటు మా చెరువువలె ఇరువదియొక్క దినములలో రెండు ఋతువులు మా ఒంటిమీద గడచుచుండెను. ఇంటిలోనివారు ఏ దినమున ఏ మనిషి బడినుండి తిరిగివచ్చునో తెలియక మెలగుచుండిరి.

ఇక్కడ మా తప్పు నొకదానిని చెప్పవలెను. మా బిడ్డ 2018లో పుట్టినది. రెండవ సంతానము కలుగలేదని మా యమ్మకు దిగులు. "ఇంకొకరు పుట్టకపాయె. కోడలికి ఏదన్న చూపియ్యరాదుర?" అని ఆమె మాతో ననుచుండెను. మా భార్య సోమవారము, శనివారము ఒక్కపొద్దులుండెను; గుళ్ళు తిరిగెను; తన దేహమునకు పరీక్షలు చేయించుకొనెను. ఆ పరీక్షలలో లోపమేదియు కనబడలేదు. మా దేహములో ఏదో తగ్గినదని మేమెరిగియుండియు మా యమ్మ మాటను ఖండింపక, అన్నము కలుపుకొనుచు తలవంచుకొని యూరకుంటిమి. స్త్రీవిద్యను గూర్చియు, పిల్లలు కలుగని స్త్రీని గొడ్రాలని నిందించు దురాచారమును గూర్చియు సభలలో మాటలాడిన మనిషి తన యింటి అరుగు దాటి లోపలికి వచ్చిన తరువాత చేసిన పని యిది.

2022 వేసవిలో ఒకనాడు మా భార్య బీరువా సర్దుచు పాత పుస్తకముల వెనుక రెండు ఖాళీ మందుపెట్టెలను చూచెను. సాయంకాలము వాటిని మా ముందు పెట్టి, "ఇదేంది? ఎన్ని దినాల సంది తీసుకుంటున్నరు?" అని యడిగెను. మేము చెప్పితిమి. చాలసేపు ఊరకుండి, "నాతోని చెప్తే నేనేమన్న అంటుంటినా? అత్తమ్మ నన్ను అన్నప్పుడు గూడ మీరు మాట్లాడకపోతిరి" అనెను. ఆ మాటకు బదులు మాకు ఏ భాషలోను దొరకలేదు.

మరుసటి వారము ఇరువురమును కలిసి హైదరాబాదుకు పోయి, హార్మోనుల జబ్బులను చూచు ఒక వైద్యురాలి యెదుట కూర్చుంటిమి. ఆమె చీటి వ్రాయకముందు అరగంట ప్రశ్నలడిగిరి. చిన్ననాట గవదబిళ్ళలు వచ్చి వృషణములు వాచినవా? మధుమేహమున్నదా? నొప్పులకు ఏ మందులు వాడుచున్నారు? తలకు ఎన్నడైన దెబ్బ తగిలినదా? కడపటి ప్రశ్నకు మేము లేదంటిమి. "తగిలింది మేడం" అని మా భార్య యందుకొనెను. 2020లో చండూరు దారిలో మేము మోటారుసైకిలు మీదినుండి పడి, పూటంతయు తెలివిలేక యుంటిమి. కట్లు విప్పిన తరువాత ఆ సంగతిని మేము మరచితిమి. ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆమె మరువలేదు. వృషణమునకు వైద్యులు వాడు లాటిను మాటకు సాక్షి యను అర్థమును కలదని మేము కళాశాలలో చదివియుంటిమి. మా వ్యాధికి సాక్షి మా యింటిలోనే యున్నదని మాత్రము ఆనాడు తెలిసినది.

వైద్యురాలు వెంటనే మందు మార్చలేదు. "పైనుండి పోసిన మందు నెత్తురులో ఉండగా లోపలి లోపము తెలియదు" అని సూదులను నిలిపి, కొన్ని నెలలు వేచియుండుమనిరి. ఆ తరువాత వేర్వేరు దినములలో రెండుసార్లు, ఉదయము పదిగంటలకు ముందు, ఏమియు తినక మునుపు నెత్తురు తీయించిరి. ఈ హార్మోను ఉదయమున హెచ్చుగా నుండి పగటివేళ తగ్గును. భోజనమైన తరువాతను తగ్గును. కనుక మధ్యాహ్నపు పరీక్ష ఒక్కటి చూచి రోగమున్నదనుట తగదు. సాధారణముగా డెసిలీటరు నెత్తురులో సుమారు 300 నానోగ్రాములకు తగ్గి, అట్లు తగ్గినట్లు రెండుసార్లు తేలి, లక్షణములును ఉన్నప్పుడే చికిత్సను ఆలోచింతురు. అలసట ఒక్కటే యున్నచో దానికి నిద్రలేమి, మధుమేహము, థైరాయిడు, దిగులు, స్థూలకాయము మొదలైన కారణములు ఎన్నియో యుండవచ్చును. త్రాగక మునుపు నీటిని పరీక్షింపవలెనని మా మండలము కష్టపడి నేర్చుకొన్నది. మందు త్రాగకముందు నెత్తురును పరీక్షింపవలెననుటయు అట్టి పాఠమే.

పరీక్షలలో తేలిన దేమన, మాకు టెస్టాస్టెరోన్ తక్కువ. దానిని పుట్టింపుమని మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి పంపు ఆజ్ఞలును తక్కువ. లోపము పొలములో లేదు, తూముకడ నున్నది. తలదెబ్బ ఆ గ్రంథిని బలహీనపరచి యుండునని వైద్యురాలు నిశ్చయించిరి. గడ్డ యేదియు లేదని మెదడును చిత్రము తీయించి చూచి, ఆ గ్రంథి నడపు తక్కిన హార్మోనులు సరిగానున్నవని తెలిసికొనిరి.

ఈ సంగతిని ఆమె మాకు బోధించిన విధమును మా యూరి మాటలలో చెప్పెదము. చెరువు తూమును ఎత్తి దించు నీరటివాడు పొలము తడిసినదా యని చూచి నీరు వదలును. పిట్యూటరీ గ్రంథి అట్టి నీరటివాడు. నెత్తురులో హార్మోను తగ్గినచో తూమెత్తును, నిండినచో దించును. మనము బయటినుండి సూదిమూలమున హార్మోను పోసినప్పుడు పొలము నిండినదని యెంచి అతడు తూమును పూర్తిగా దించివేయును. అప్పుడు వృషణములు పని మాని కుంచించుకొనును. వీర్యకణముల యుత్పత్తి నిలిచిపోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1990లో ప్రకటించిన పరిశీలన యొకటి దీనికి నిదర్శనము. ఆరోగ్యవంతులైన 271 మంది పురుషులకు వారమున కొకసారి 200 మిల్లీగ్రాముల టెస్టాస్టెరోన్ ఇచ్చి చూడగా, వారిలో 157 మందికి వీర్యములో కణములే లేకపోయెను. ఆ పరిశీలన దేనికొరకు చేసిరనుకొందురు? పురుషులకు గర్భనిరోధకముగా దీనిని వాడవచ్చునా యని తెలిసికొనుటకు!

చదువరులు మా స్థితిని ఊహింపవచ్చును. బిడ్డకొరకు మా భార్య ఒక్కపొద్దులున్న దినములలో, బిడ్డ కలుగకుండజేయు మందును మేము తెరచాటున పొడిపించుకొనుచుంటిమి. మగతనము తిరిగివచ్చునని తీసికొన్నది తండ్రితనమునకు అడ్డుపడుచుండెను. సూది నిలిపినచో చాలమందికి కొన్ని నెలలలో ఆ శక్తి మరల వచ్చునట. కొందరికి ఏడాది దాటును. కాని కాలము స్త్రీ వయస్సునకు ఆగదు గదా.

ఈ హార్మోనునకు శాస్త్రచరిత్రలో స్థిరమైన స్థానమున్నది. మోసపు చరిత్రయు తక్కువది కాదు. 1849లో జర్మనీదేశపు బెర్తోల్డు కోడిపుంజుల వృషణములను తీసి, కొన్నింటికి మరల కడుపులో నాటి, నాటినవాటికి జుట్టును కూతయు నిలిచినవని చూపెను. 1889లో బ్రౌన్ సెకార్డ్ అను పండితుడు తన 72వ యేట జంతువుల వృషణముల రసమును తనకే పొడుచుకొని యౌవనము వచ్చినదని ప్రకటించెను. అట్లు నీటిలో తీసిన రసములో ఈ హార్మోను ఇంచుమించు ఉండదనియు, ఆయనకు వచ్చినది నమ్మకపు బలమనియు తరువాతివారు తేల్చిరి. 1935లో దీనిని ఎద్దు వృషణములనుండి వేరుచేసిరి. ఆ యేడే బుటెనాంట్, రుజీచ్కా అనువారు వేరువేరుగా కృత్రిమముగా చేసిరి. 1939 నాటి నోబెలు బహుమానము వారిరువురిది. మన ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో వాజీకరణ మొకటి. అది సంతానమును గూడ ఉద్దేశించిన శాస్త్రము. నేడు బస్టాండు గోడలమీద గుఱ్ఱపు బొమ్మతో వెలయు ప్రకటనలు మాత్రము ఆ శాస్త్రమును పేరునకు వాడుకొనుచున్నవి. అట్టి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినది. టెస్టాస్టెరోనును వైద్యుని చీటి లేక అమ్మరాదను నియమమును కలదు. సిగ్గుపడువాని జేబుకు చట్టము కాపలా కాయజాలదు. అతడు చాటుగా పోవును, చాటుగా కొనును, మోసపోయినను చాటుగానే యేడ్చును.

ఇక మార్గముల మాట. వైద్యురాలు వాటినన్నిటిని మా యిరువురి ముందు పరచి, "ఏది గొప్పదని అడుగకండి, మీ యింటికి ఏది సరిపడునో చూడండి" అనిరి. ఆ వాక్యమే ఈ వ్యాసమునకు మూలము.

మొదటిది మేము వేయించుకొన్న పొట్టికాలపు సూది. నాలుగు విధముల టెస్టాస్టెరోనును కలిపి పల్లినూనెలో కరగించినది ఇందులో నొకటి. సాధారణముగా మూడు వారముల కొకటి. వెల తక్కువ, దొరకుట సులభము. కాని మేమనుభవించినట్లు ఎగుడుదిగుడులు ఎక్కువ. నెత్తురు చిక్కబడుటయు తక్కిన మార్గములకంటె దీనితో ఎక్కువ. పల్లీలు పడనివారు దీని జోలికి పోరాదు. పాలమూరు చేలలో పల్లి పెంచినవారి బిడ్డలమైన మాకు, ఆ నూనెయే సూదిలో ఉన్నదని వినుట వింతగా తోచెను.

రెండవది దీర్ఘకాలపు సూది. వేయి మిల్లీగ్రాముల మందును నాలుగు మిల్లీలీటర్ల నూనెలో కలిపి పిరుదుకండరములో మెల్లగా ఎక్కింతురు. మొదటిదానికి ఆరువారములకు రెండవది. ఆ తరువాత పది మొదలు పదునాలుగు వారముల కొకటి. నెత్తురులో మట్టము సమముగా నుండును. అయితే నూనె బిందువులు ఊపిరితిత్తులకు చేరి, సూది వేసిన వెంటనే దగ్గు, ఆయాసము వచ్చుట అరుదుగా కలదు. కనుక దుకాణపు తెరచాటు దీనికి పనికిరాదు. ఆసుపత్రిలో వేయించుకొని అరగంట కూర్చుండుట మేలు. ఒకసారి వేసిన తరువాత పడకున్నచో తీసివేయుటకు వీలులేదు. ఇందులోని నూనె ఆముదము. నల్లగొండ, పాలమూరు మెట్టచేలకు ఆముదము పరాయిది కాదు గదా!

మూడవది జెల్. దినమునకు 50 మిల్లీగ్రాముల పొట్లము నొకదానిని ఉదయము భుజములకు గాని పొట్టకు గాని రాచుకొందురు. అందులో పదవవంతు మాత్రమే చర్మముద్వారా లోనికి పోవును. ఆరోగ్యవంతుని దేహము దినమునకు పుట్టించుకొను కొలత ఇంచుమించు అంతయే. సూదిపోటు లేదు, ఎగుడుదిగుడులు లేవు, పడకున్నచో మరునాడే మానవచ్చును. మాకు మొదట ఇదియే నచ్చెను. "పాప మీ దగ్గర పండుకుంటుందా?" అని వైద్యురాలు అడిగిరి. మా బిడ్డ నిత్యము మా భుజముమీద తలపెట్టియే నిద్రించును. రాచిన జెల్ చర్మమునుండి చర్మమునకు అంటును. తండ్రులను అంటియుండు పసిపిల్లలలో అకాలమున వెండ్రుకలు మొలచుట, మర్మావయవములు పెరుగుట, ఎముకలు వయస్సును మించి ముదురుట కనబడగా, అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ 2009లో ఈ జెల్ పొట్లములమీద పెద్ద అక్షరములతో హెచ్చరిక వేయించినది. చేతులు కడుగుకొని, రాచినచోటు ఆరినపిదప చొక్కా కప్పుకొనినచో అపాయము తగ్గును. కాని మా వేసవి రాత్రులలో డాబామీద చొక్కాతో పండుకొను తండ్రి యెవడు? బిడ్డను భుజమునుండి దింపి తెచ్చుకొను బలము మాకు వద్దనుకొంటిమి.

నాలుగవది మ్రింగు గొట్టపుమాత్ర. నూనెలో కలిపిన యీ మందు కొవ్వుగల భోజనముతో తీసికొన్ననే లోనికెక్కును. దినమునకు రెండు పూటలు తప్పరాదు. ఉత్తకడుపున మ్రింగినచో దండుగ. ఉదయము చాయ నీళ్ళతో బడికి పరుగెత్తి, శనివారము ఒక్కపొద్దుండు మాబోటివారికి ఇది కుదురదు. పూర్వము వాడిన మిథైల్ టెస్టాస్టెరోన్ మాత్రలు కాలేయమును చెరుపునవి గనుక వాటిని వదలవలెను. ఇతర దేశములందు చర్మమునకు అంటించు పట్టీలు, చర్మము క్రింద చిన్నకోతతో పెట్టు గుళికలు, ముక్కులో రాచు జెల్ కూడ వాడుకలో నున్నవి. పట్టీ దురద పుట్టించును. గుళికకు కొన్ని నెలల కొకసారి కోత తప్పదు.

ఏ మార్గమైనను కొన్ని జాగ్రత్తలు సమానములు. ప్రోస్టేటు గ్రంథిలో గాని స్తనములో గాని క్యాన్సరున్న పురుషుడు తీసికొనరాదు. మొదటి యేట మూడు నుండి ఆరు నెలలకును, ఆపైన ఏటేటను నెత్తురు పరీక్షింపవలెను. ఎఱ్ఱకణముల పాలు 54 శాతము దాటినచో మందు నిలుపవలెను. గుండెజబ్బుగాని, అది వచ్చు ప్రమాదముగాని గల అయిదువేలకు పైబడిన పురుషులపై జరిగిన ట్రావర్స్ అను పరిశీలన 2023లో వెలువడినది. దానిలో ఈ మందువలన గుండెపోటు, పక్షవాతము హెచ్చినట్లు తేలలేదు; కాని గుండె లయ తప్పుట, ఊపిరితిత్తులలో నెత్తురు గడ్డకట్టుట కొంత ఎక్కువగా కనబడెను. కావున ఇది విషమును కాదు, అమృతమును కాదు. లోపమున్నవానికి కొలిచి పోయవలసిన మందు.

ఇవన్నియు చెప్పి వైద్యురాలు కడపట నొకమాట యనిరి: "సంతానము కావలెనన్నచో వీటిలో ఏదియు కాదు." దానికి అయిదవ మార్గమొకటి కలదు. నీరటివాడు ఎత్తలేని తూమును ఎత్తు హార్మోనును వారమునకు రెండు మూడుసార్లు చర్మము క్రింద చిన్నసూదితో ఎక్కింతురు. దాని పేరు హెచ్‌సీజీ. గర్భిణీస్త్రీల మూత్రమునుండి దానిని తీయుదురు. అవసరమైనచో మరియొక హార్మోనును చేర్తురు. లోపము పిట్యూటరీలో నున్నవారికే ఇది పనికివచ్చును. వృషణములే చెడినవారికి పనికిరాదు. టెస్టాస్టెరోన్ పెరుగును, వీర్యకణములును పుట్టును. కాని నెలలు పట్టును, వెల హెచ్చు, సూదులు అనేకము, ఫలము నిశ్చయము కాదు.

ఇంటికి వచ్చు దారిలో బస్సులో మేమిరువురమును మాటలాడుకొంటిమి. పెండ్లియైన పదియేండ్లలో ఈ సంగతులు అంత విడమరచి మాటలాడుకొన్నది ఆనాడే. మా భార్య, "ఒక్క ఏడాది చూద్దాం. అయితే అయితది, కాకుంటే ఉన్న బిడ్డ సాలు. కానీ అత్తమ్మకు మీరే చెప్పాలె" అనెను. ఆ రాత్రియే చెప్పితిమి. "అమ్మా, లోపము నాది, ఆమెది కాదు" అన్న యీ చిన్నవాక్యమును పలుకుటకు మాకు చీకటి కావలసివచ్చెను. అమ్మ కొంతసేపు ఊరకుండి, "ముందుగాల చెప్పొద్దార! దాన్ని ఎన్ని మాటలంటిని" అనెను. మరునాడు సోమవారము, కోడలు స్నానము చేసి వచ్చువరకు అమ్మయే పొయ్యి వెలిగించి, జొన్నరొట్టె చేసి, "ఇంక ఒక్కపొద్దులుండకు బిడ్డా" అని చేతికిచ్చెను.

పదునాలుగు నెలలు ఆ సూదులు వేసికొంటిమి. వాటిని వేయుట మా భార్యయే నేర్చుకొనెను. కణముల లెక్క పెరిగినది. 2023 చివర ఒకసారి నెల తప్పి, రెండు మాసములలో నిలువక పోయినది. ఆ తరువాత ఆమెయే చాలుననెను. మేము ఔనంటిమి. సూదిమందు చాటున పోయిన ఆ మొదటి యేడాది మాకు దక్కియుండినచో ఫలము వేరుగా నుండెడిదా యని అప్పుడప్పుడు తోచును. ఆమెకును తోచుచుండునేమో, ఆ మాట ఆమె మాతో ఎన్నడు ననలేదు.

2024 నుండి దీర్ఘకాలపు సూదినే తీసికొనుచున్నాము. సంతానపు ఆలోచన తీరినది. బిడ్డ యింకను భుజముమీదనే నిద్రించుచున్నది. పన్నెండు వారముల కొకసారి హైదరాబాదుకు పోయి వచ్చుట మాకు సాధ్యము. మరియొక యింటికి మరియొకటి తగును. పిల్లలు ఎదిగిపోయిన యింట జెల్ మేలు కావచ్చును. డబ్బు చాలనివానికి పొట్టికాలపు సూదినే వైద్యుడు కొలతను, గడువును సవరించి యిచ్చిన మేలు కావచ్చును. పెండ్లికానున్న యువకుడు, వ్యాయామశాలలో ఎవడో చెప్పెనని వీటిలో దేనినైన ముట్టుటకు ముందు తన రాబోవు సంసారమును తలచుకొనవలెను.

చదువరులారా! మందులలోని భేదములను వైద్యులు మాకంటె బాగుగా చెప్పగలరు. మేము చెప్పదగినది ఒక్కటే. ఇంటివారికి తెలియని మందును మంచిదానిని ఏరుకొనుట సాధ్యము కాదు. బిడ్డ యెక్కడ పండుకొనును, భార్య యేమి కోరుచున్నది, తల్లి యెవరిని నిందించుచున్నది, తలకు ఎన్నడు దెబ్బ తగిలినది అనునవి లేక చికిత్స నిర్ణయించుట నీటిని పరీక్షింపక బావి త్రవ్వుటయే. ఈ సంగతులు నెత్తురు పరీక్షలో కనబడవు, వంటింటిలో తెలియును.

ఈ నెల క్యాలెండరులో ఇరువదియవ తేదీ చుట్టు మా భార్య ఎఱ్ఱసిరాతో సున్న చుట్టినది. దాని ప్రక్కనే గ్యాసుబండ వచ్చిన తేదీ, బిడ్డ బడిలో రుసుము కట్టవలసిన తేదీ వ్రాసియున్నవి. మా సూదిమందు ఇంటి లెక్కలలో ఒకటైనది.